తొమ్మిది వందల గంటలు

జూన్ 9

మామయ్యా,

క్షేమంగా చేరాను. అమ్మ మోయించిన పరుపుచుట్ట కూడా చేరింది. హాస్టల్లో పరుపులు వాళ్లే ఇస్తారని నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాను, వినలేదు. ఇప్పుడు నా మంచం మీద రెండు పరుపులు. గదిలో మిగతా ముగ్గురూ నన్ను మహారాణిలా చూస్తున్నారు.

ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకో నీకు తెలుసు. ఫోన్లో నువ్వు మాట్లాడుతుంటే అత్తయ్య పక్కనుంచి అందిస్తూ ఉంటుంది. మాటలన్నీ ఆవిడవి, గొంతు మాత్రం నీది.

శిక్షణ కేంద్రం ఒక పెద్ద రేకుల షెడ్డు. ఒక చివర సోలార్ పలకలు, ఇంకో చివర రెక్కల్లేని గాలిమర స్తంభం. మధ్యలో ఇసుక పోసి గుంటలు తవ్వి, వాటిలో కేబుళ్లు పరిచారు. పలకలు బిగించేవాళ్లు, స్తంభాలు ఎక్కేవాళ్లు దేశంలో కావలసినంత మంది ఉన్నారట. ఆ కరెంటును ఊళ్లోకి తెచ్చే కేబుళ్లను భూమిలో అతికే జాయింటర్లకే కరువట. అందుకే ప్రభుత్వం మా ఫీజు, భోజనం, పనిముట్లు, చివరికి బూట్లు కూడా తనే భరిస్తోంది. బూట్లన్నీ మగవాళ్ల సైజే. రెండు జతల మేజోళ్లు తొడిగి నడుస్తున్నాను.

ఇక అసలు సంగతి. చివరి పరీక్షకు కూర్చోవాలంటే తొమ్మిది వందల గంటలు నిజమైన గుంటలో పని చేసినట్టు ఆగస్టు మొదటి తారీకు లోపల చూపించాలి. నీ దగ్గర రెండేళ్లు చేశాను కదా అని ధీమాగా ఉన్నాను. ఆఫీసులో గుమస్తా మేడం అడిగింది: "మీ మామయ్యకి జాయింటరు సర్టిఫికెట్టు ఉందా?" లేదన్నాను. "అయితే ఆ గంటలు లెక్కలోకి రావమ్మా" అంది, పెన్ను మూత పెట్టేస్తూ. చూపించకపోతే సీటు వేరేవాళ్లకి వెళ్తుంది.

కంగారు పడకు, దారి ఉంది. అనుభవం ఉండి కాగితం లేనివాళ్లకోసం ప్రభుత్వమే ఇంకో పథకం పెట్టింది. ఒక్క రోజు పని. పొద్దున డాక్టరు చూస్తాడు, మధ్యాహ్నం ఒక జాయింటు వేసి చూపించాలి. నీకు సర్టిఫికెట్టు వస్తే, నీ దగ్గర నేను ఇదివరకు చేసిన గంటలూ చెల్లుతాయి. వచ్చే నెల ఇరవై నాలుగున మీ దగ్గరి కేంద్రంలోనే పెడుతున్నారు. నువ్వు నిద్రలో కూడా చేయగల పని. ఫారం జతచేశాను, నింపి పంపు.

రెండు పరుపుల మీదినుంచి,
నీ పిడుగు


జూన్ 17

పిడుగుకి,

నీ ఉత్తరం చేరింది. బూట్లలో మేజోళ్లు కాదు, అట్టముక్క కోసి వేసుకో. మేజోళ్లు చెమటకు తడిసి పుండ్లు పడతాయి.

ఇక్కడ వాన. గుంట నిండా నీళ్లు. పంపు పెట్టి తోడడం, మళ్లీ నిండడం, మూడు రోజులుగా ఇదే వరస. గుంటలో నా జోడీ పంపు మీద గొడుగు పట్టాడు, తను తడుస్తూ. వాడికి మనుషుల కంటే యంత్రాల మీదే ప్రేమ. అత్తయ్య మోకాలు కొంచెం నయం.

సర్టిఫికెట్టు అంటున్నావు. నాకిప్పుడు అవన్నీ దేనికే? ఇంకో ఏడాదిన్నరలో రిటైరై ఇంటికి పోయేవాణ్ని. ఈ వయసులో నన్ను చిన్నపిల్లల బెంచీ మీద కూర్చోబెడితే నలుగురూ నవ్వుతారు. సెలవు కూడా దొరకదు. ఆ మేడంని వేరే దారి ఏమైనా ఉందేమో మర్యాదగా అడుగు. ఆఫీసుల్లో ఒక దారి లేదన్నాక ఇంకోటి చూపిస్తారు.

ఒక మాట. అక్కడ ఎంత తొందరపెట్టినా సరే, ప్రతి తీగనూ బజరు పెట్టి చూడు. రంగు చూసి కలపకు.

మామయ్య


జూన్ 28

మామయ్యా,

ఇంకో దారి లేదు. మూడుసార్లు అడిగాను. మూడోసారి మేడం ముఖం చూస్తే నాలుగోసారి అడగబుద్ధి కాలేదు.

నీ మాట వినబట్టి నాకు ఇక్కడ కొత్త పేరు వచ్చింది: బజరమ్మ. అందరూ ఎరుపును ఎరుపుతో, నీలాన్ని నీలంతో కలిపేసి అతుకు మీద గొట్టం బిగించేస్తుంటే, నేను అటు చివర తీగ కట్టి, ఇటు చివర అదే తీగకు బజరు మోగిందా లేదా అని ఒక్కొక్కటీ చూసుకుంటూ కూర్చుంటాను. ముప్పై మందిలో రోజూ నేనే ఆఖరు. మాస్టారు నిన్న అందరి ముందూ అన్నాడు: "కంపెనీవాళ్లు రంగులు వేసింది అందానికనుకున్నావా అమ్మా?" షెడ్డంతా నవ్వింది. మా మామయ్య ఇలాగే నేర్పాడన్నాను. "ఎవరా మామయ్య, సర్టిఫికెట్టు ఉందా?" అన్నాడు. బజరు మళ్లీ చేతిలోకి తీసుకున్నాను.

నిజం చెప్పనా? నీకు అభిమానం అడ్డొస్తోంది. కాగితం పట్టుకుని పరీక్షకు నిలబడటం నామోషీ అనుకుంటున్నావు. సెలవు దొరకదట! పక్కింటివాళ్ల గోడ కూలితే నాలుగు రోజులు సెలవు పెట్టి కట్టించినవాడివి.

అందుకని నేనే నీ పేర ఫారం నింపి ఇచ్చేశాను. సంతకం కూడా పెట్టాను. చిన్నప్పుడు నా మార్కుల కాగితాల మీద అమ్మకు తెలియకుండా నువ్వు పెట్టిన సంతకాలు చూసి చూసి అది నాకు నా సంతకం కంటే బాగా వచ్చు. పని చేసే చోటి చిరునామా అడిగారు, మీ కంపెనీది రాశాను. పిలుపు అక్కడికే వస్తుంది.

తిట్టుకో. తిట్టుకుంటూనే వెళ్లు.

నీ పిడుగు


జులై 5

అమ్మాయికి,

పిలుపు కంపెనీకి వచ్చింది. మేనేజరు చించి చదివి నన్ను గదిలోకి పిలిచాడు. కరచాలనం చేశాడు. సాయంత్రం అందరినీ నిలబెట్టి, మనవాడు ఈ వయసులోనూ పరీక్షకు వెళ్తున్నాడు, చూసి నేర్చుకోండి అని చెప్పాడు. చప్పట్లు కొట్టారు. సెలవు ఇచ్చారు. ఫలితం కాపీ ఆఫీసుకు కూడా వస్తుందట.

ఎవరిని అడిగి నా పేరు రాశావు? నీ మార్కుల మీద నేను పెట్టిన సంతకం నీకోసం పెట్టాను. నువ్వు పెట్టింది ఎవరికోసం? వద్దన్న మాట నీకు ఉత్తరంలో కనిపించలేదా?

ఇక ఈ విషయం రాయకు.

మీ అమ్మ తమ్ముడు


జులై 11

గౌరవనీయులైన మామయ్యగారికి,

మీ ఉత్తరం అందినది. చదువుకున్నాను. మీ అనుమతి లేకుండా మీ పేరు వాడినందుకు క్షమించగలరు. ఇకముందు మిమ్మల్ని ఏమీ అడగను.

నా సంగతి గురించి మీరు ఆందోళన పడనవసరం లేదు. ఇక్కడికి వచ్చే ఒక కాంట్రాక్టరుకు సర్టిఫికెట్టు ఉంది. ఆయన నా పుస్తకంలో తొమ్మిది వందల గంటలకూ సంతకం పెడతానన్నాడు. బదులుగా చదువయ్యాక ఏడాదిపాటు ఆయన దగ్గరే పని చేయాలి. ఆయన గుంటలో నేను ఒక్క గంట కూడా దిగలేదు. అయినా ఇక్కడ సగం పుస్తకాలు అలాగే నిండుతాయట, ఎవరూ తవ్వి చూడరట.

కాబట్టి మీ దగ్గర నేర్చుకున్నానని ఎక్కడా రాయనక్కర్లేదు. మీకూ ఇబ్బంది ఉండదు.

అత్తయ్యగారిని అడిగినట్టు చెప్పగలరు.

ఇట్లు,
మీ అక్క కూతురు


జులై 16

పిడుగూ,

నువ్వు పుట్టిన మూడో రోజునుంచీ ఎత్తుకున్నాను. నీ నోట "మీరు" వినడం ఇదే మొదలు. రెండుసార్లు చదివి మడిచి జేబులో పెట్టుకున్నాను. పెట్టుకున్నది పెట్టుకున్నట్టే వానకు తడిసింది. అదొక్కటే మంచి పని చేసింది ఈ వాన.

కాంట్రాక్టరు సంతకం వద్దు. చెయ్యి పెట్టని గంటలు నీ పుస్తకంలో ఉండకూడదు. మనం వేసే జాయింటు మీద మట్టి కప్పేస్తారు. లోపల ఏముందో వేసినవాడికి తప్ప ఎవరికీ తెలియదు. ఒకసారి లోపలిది దాచడం అలవాటైతే అది ఎంతవరకు వెళ్తుందో నాకు తెలుసు. ఎలా తెలుసో చెప్తాను.

నాకు రంగులు కనిపించవు. బొత్తిగా కనిపించవని కాదు. నీలం తెలుస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ, గోధుమరంగు మూడూ నాకు ఒకే బురద రంగు. పుట్టుకతోనే అంత.

నేను గుంటలు తవ్వే కూలీగా చేరాను. తవ్వేవాడికి కళ్ల పరీక్ష ఎవరు పెడతారు? పక్కనుండి చూసి పని నేర్చుకున్నాను, కాగితం లేకుండానే జాయింటరునయ్యాను. ఇరవై మూడో ఏట నీళ్ల పంపుల స్టేషన్లో గేటును నడిపే ఒక కేబులు కలిపాను. ఎరుపు తీగకు ఎరుపు, ఆకుపచ్చకు ఆకుపచ్చ అనుకుంటూనే రెండూ తారుమారు చేశాను. తెరుచుకోవలసిన గేటు మూసుకుంది. వెనక్కి తన్నిన నీళ్లకు గొట్టం పగిలింది. గోడ అవతల ఆ రోజు అదృష్టంకొద్దీ ఎవరూ లేరు. కాగితం మీది నక్షాలో తప్పు అని తేల్చారు. నేను నోరు మెదపలేదు.

ఆ రోజునుంచి ప్రతి తీగకూ బజరు పెట్టాను. వేల తీగలు. ఒక్కటీ తప్పలేదు. చాదస్తుడినని పేరొచ్చింది, పోనీలే అనుకున్నాను. మీ అత్తయ్యకు కూడా తెలియదు. నేను కొనే చొక్కాలు చూసి నాకు అభిరుచి లేదనుకుంటుంది. నా జోడీకి తెలియదు. ఇప్పుడు నీకు తెలుసు.

ఆ డాక్టరు పరీక్షలో రంగుల పుస్తకం ఉంటుంది. విచారించాను. అందుకే వద్దన్నాను. నామోషీ కాదే, భయం. ఇంకో ఏడాదిన్నర దాటిస్తే చాలనుకున్నాను.

ఇప్పుడు వెళ్లకపోతే ఎందుకు వెళ్లలేదని అడుగుతారు, దానికి ఇంకో అబద్ధం వెతకాలి. వెళ్తాను. మొదటి పేజీ తిప్పకముందే డాక్టరుకు నిజం చెప్పేస్తాను. అందరు డాక్టర్లూ రాళ్లు కారు. పని చూపిస్తాను, పని చూసి ఇస్తే ఇస్తారు. నువ్వు మాత్రం ఆ సంతకం పెట్టించుకోకు.

మామయ్య


జులై 21

మామయ్యా,

వెళ్లకు.

మీ ఉత్తరం, నీ ఉత్తరం, ఏదో ఒకటి, ఇప్పుడే చదివాను. ఫోన్ చేస్తే అత్తయ్య ఎత్తింది. నువ్వు దూరాన గుంటలో ఉన్నావని, అక్కడ సిగ్నలు లేదని, మూడు రోజుల్లో అటునుంచి అటే పరీక్షకు వెళ్తావని చెప్పింది. "ఏమైనా చెప్పాలా?" అంది. ఆవిడకి ఏం చెప్పను? ఇంటికి తెలియనిది నా నోటినుంచి తెలియడం నాకిష్టం లేదు. అందుకే త్వరగా చేరే ఉత్తరం వేస్తున్నాను, నీ గుంట చిరునామాకే.

కడుపునొప్పి అని చెప్పు. ఫారం నేనే దొంగ సంతకం పెట్టి ఇచ్చానని ఇక్కడ ఆఫీసులో ఒప్పుకుంటాను, కొట్టేస్తారు. కాంట్రాక్టరుకు వద్దని చెప్పేశాను. ఆయన నవ్వి, నీ ఇష్టం, వెనక నలుగురున్నారు అన్నాడు.

సీటు పోతే పోయింది, వచ్చే ఏడు చూసుకుంటాను. నీ ముప్పై ఏళ్ల పనిని నేను ఒక ఫారం మీద పెట్టి పోస్టు చేశాను. వెళ్లకు మామయ్యా.

పిడుగు


జులై 27

పిడుగూ,

నీ ఉత్తరం నాకు ఇరవై ఆరున చేరింది. నేను ఇరవై నాలుగునే వెళ్లొచ్చాను.

డాక్టరు నీ ఈడు పిల్ల. పుస్తకం తెరవకముందే చెప్పాను. "అయినా చూడాలి పెద్దాయనా, రూలు" అంది. పేజీ నిండా చుక్కలు. లోపల అంకె ఉందంట. పద్నాలుగు పేజీల్లో నాకు చుక్కలే కనిపించాయి. రాసుకుంటున్నప్పుడు ఆ పిల్ల చెయ్యి నెమ్మదించింది. తప్పు తనదైనట్టు "సారీ అండీ" అంది.

ఇంటికి వెళ్లిపొమ్మన్నారు. కానీ నా పేర కేబులు అప్పటికే కోసి పెట్టారు. పరీక్ష పెట్టేవాడు తల నెరిసిన మనిషి. "కోసింది వృథా పోవడం ఎందుకు, వేసెయ్యండి" అన్నాడు. వేశాను. నేను బజరు తీస్తే, రంగులున్నాయి కదా, ఎందుకన్నాడు. నాకు లేవన్నాను. కుర్చీ దగ్గరికి లాక్కుని చివరిదాకా చూశాడు. కరెంటు ఎక్కించి పావుగంట నిలబెట్టారు. జాయింటు నిలిచింది.

కాగితం ఇచ్చారు, నకలు జతచేశాను. పని: అత్యుత్తమం. దాని కింద వరసలో, అర్హత: లేదు. రెంటికీ ఒకే సంతకం.

కాపీ కంపెనీకి చేరింది. మేనేజరు కిటికీలోంచి బయటికి చూస్తూ మాట్లాడాడు. సోమవారంనుంచి స్టోర్లో నా డ్యూటీ. జీతం తగ్గించలేదు, గుంటలోకి మాత్రం దిగకూడదు. నిన్న నా జోడీ వచ్చి, "ఇరవై రెండేళ్లు నీ చేతిలో ప్రాణం పెట్టి కూర్చున్నాను కదరా, ఒక్క మాట చెప్పకూడదా?" అని వెళ్లిపోయాడు. వాడి మాటలో తప్పు లేదు. అది బాధ పెట్టింది. మిగతాదంతా తట్టుకోగలను.

మీ అత్తయ్య అల్మారా తెరిచి నా చొక్కాలన్నీ మంచం మీద పరిచి చాలాసేపు నవ్వింది. తర్వాత, "అయితే ఆ ఎర్ర చీరలో నేను బాగున్నానన్నది అబద్ధమేనా?" అని ఏడ్చింది. చీర సంగతి తెలియదు కానీ నువ్వు బాగున్నావు, అది నిజమే అన్నాను. ఇప్పుడు పరవాలేదు.

నీ గంటలు మాత్రం చెల్లవు. నేను చేయగలిగింది లేకపోయింది.

మామయ్య


ఆగస్టు 4

మామయ్యా,

నా సీటు వెళ్లిపోయింది. నీ కాగితం పట్టుకుని ప్రిన్సిపాలు దగ్గరికి వెళ్లాను. ఆయన రెండు వరసలూ చదివి, పైదానికి నేను చేయగలిగింది లేదు, కిందిదానికీ లేదు అన్నాడు. రూలు పెట్టింది తను కాదన్నాడు. ప్రభుత్వం ఖర్చుతో తయారయ్యేవాళ్లకి నేర్పినవాళ్లెవరో తెలియాలి కదా అన్నాడు. ఆ మాటలో న్యాయముంది. అందుకే ఇంకా కోపం వచ్చింది.

ఇంటికి మాత్రం రావడం లేదు. యార్డులో సహాయకురాలిగా ఉండమన్నారు, తిండి, మంచం ఇస్తారు. పగలు ఒక సర్టిఫికెట్టున్న జాయింటరు వెంట గుంటలోకి దిగుతున్నాను. నాకంటే రెండేళ్లు చిన్నవాడు, నన్ను అక్కా అంటూనే పని చెప్తాడు. నిన్న నా పుస్తకంలో మొదటి ఎనిమిది గంటలు పడ్డాయి. మిగిలినవి నిండితే వచ్చే ఏటి బ్యాచిలో కూర్చోవచ్చు. అమ్మకు నువ్వు చెప్పు, నేను చెబితే ఇంకో పరుపు పంపుతుంది.

ఒకటి అడగాలి. వారం రోజులుగా నన్ను తొలిచేస్తోంది. నీ దగ్గర రెండేళ్లు, రోజుకు పదిసార్లు, తీగ పట్టుకుని "ఇదేం రంగే?" అని అడిగేవాడివి. నాకు పాఠం చెబుతున్నావనుకునేదాన్ని. మా మామయ్య ఎంత ఓపిగ్గా నేర్పుతాడో అని ఇక్కడ గొప్పగా చెప్పుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే అది పాఠం కాదు. నీకు కళ్లు కావాలి, నేను దొరికాను. రెండేళ్లు నాకు పని నేర్పావా, నన్ను వాడుకున్నావా? కోపంతో అడగడం లేదు. కోపం ఉంది, కానీ అందుకు అడగడం లేదు. నాకు తెలియాలి.

పిడుగు


ఆగస్టు 12

పిడుగూ,

అక్కకు చెప్పాను. పరుపు ఊసెత్తింది, ఆపాను.

నువ్వడిగినదానికి జవాబు రాయడానికి నాలుగు రోజులు పట్టింది. రెండూ కాదు. ఎరుపేదో నీకు నేర్పక్కర్లేదు, అది నీకు పుట్టుకతో వచ్చు. పోనీ నీ కళ్లమీద ఆధారపడి ఒక్క తీగైనా కలిపానా అంటే, లేదు. నువ్వు రంగు చెప్పాక కూడా బజరు పెట్టేవాణ్ని, గుర్తు తెచ్చుకో. ఒకసారి వెలిసిపోయిన ఎరుపును నువ్వు గోధుమరంగన్నావు. బజరు వేరే చెప్పింది, మారు మాట్లాడకుండా సరిచేశాను. నువ్వు చెప్పినా చెప్పకపోయినా నా పని ఆగేది కాదు.

మరి ఎందుకడిగానంటే, ముప్పై ఏళ్లలో ఇదేం రంగు అని నేను మనిషన్నవాణ్ని అడగలేకపోయాను. జోడీని అడిగితే గుట్టు బయటపడుతుంది. మీ అత్తయ్యను అడిగితే వింతగా చూస్తుంది. పని నేర్చుకునే పిల్లనైతే అడగొచ్చు, పరీక్ష పెడుతున్నాననుకుంటుంది. ఆ ధైర్యంతో అడిగాను. నువ్వు వట్టి ఎరుపని ఊరుకునేదానివి కాదు. "ఉతికి ఉతికి పాతబడిన గుడ్డలా ఉంది మామయ్యా", "ఇది కొత్తది, కళ్లలో గుచ్చుకుంటోంది" అనేదానివి. అవి వినాలని అడిగాను. అవసరంలేని చోట కూడా అడిగాను. అది వాడుకోవడమే అంటే, అవునే, వాడుకున్నాను.

నిన్న స్టోర్లో కొత్త కేబులు చుట్ట దించారు. ఇప్పుడు దాచేదేముంది, పక్కనున్న గుమస్తాను అందరి ముందే ఏం రంగని అడిగాను. ఎరుపన్నాడు. ఎలాంటి ఎరుపన్నాను. ఎరుపంటే ఎరుపే కదండీ అని రాసుకోవడానికి వెళ్లిపోయాడు.

మామయ్య